ఇంటర్వ్యూ గదిలో మన పిల్లల మాట

వ్రాతపరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్న మన పిల్లలు పదిహేను నిమిషాల సంభాషణ దగ్గర వెనుకబడిపోవడం పాతబస్తీలోని అనేక కుటుంబాలకు పరిచయమైన బాధ. కడుపు కట్టుకొని డిగ్రీ దాకా చదివించిన తల్లిదండ్రులకు ఈ వైఫల్యం ఓ పట్టాన అర్థం కాదు. ‘అన్నీ తెలిసిన పిల్లవాడే, అక్కడ కూర్చునేసరికి నోరు పెగల్లేదట’ అని బంధువులతో చెప్పుకొంటారు. ఆ పిల్లవాడు తనకు ఇంగ్లీషు రాదని, కాబట్టి పై చదువు తన నొసట రాసిలేదని తీర్మానించుకొని ఏదో ఒక దుకాణంలో లెక్కలు రాయడానికి కూర్చుంటాడు. ఆ తీర్మానం సరైనది కాదు. చాలా సందర్భాలలో అతణ్ణి ఓడించింది ఇంగ్లీషు కాదు, సిద్ధమైన పద్ధతి.

ఈ సంభాషణ విలువ ఎంతో ముందుగా తెలుసుకోవాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో జారీచేసిన పీహెచ్.డి. నియమావళి ప్రకారం, సొంత ప్రవేశపరీక్ష జరిపే విశ్వవిద్యాలయాలు వ్రాతపరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం ప్రాధాన్యమివ్వాలి. పేరున్న మేనేజిమెంటు సంస్థలలో ఇంటర్వ్యూ లేనిదే సీటు లేదు. విదేశాలకు వెళ్లదలచిన వారికి భాషాపరీక్షలోని మౌఖిక భాగం, కొన్నిచోట్ల విశ్వవిద్యాలయం జరిపే వీడియో ఇంటర్వ్యూ, చివరకు వీసా అధికారి ముందు నిలబడడం అనే మూడు గడపలు ఉన్నాయి. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్య కోసం 2015లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన పథకం మూలంగా, ఒకప్పుడు ఊహకే రాని ఇళ్లలో కూడా ఇప్పుడు ఈ గడపల గురించి చర్చ జరుగుతోంది.

నేను ఇంగ్లీషు ఉపాధ్యాయుణ్ణి కాను. అరబీ వ్యాకరణం, తజ్వీద్ బోధించడం నా వృత్తి. అయితే నోటితో అడిగి, నోటితో చెప్పించుకొనే పరీక్ష మదర్సాలకు కొత్తది కాదు. విద్యార్థిని ఎదుట కూర్చోబెట్టుకొని గ్రంథం తెరిచి ఎక్కడినుండైనా ప్రశ్నించడం మా దగ్గర తరతరాల పద్ధతి. అస్ర్ నమాజు తర్వాత మా వీధి డిగ్రీ విద్యార్థులు కొందరు తమ ఇంటర్వ్యూ అభ్యాసం వినమని వచ్చి కూర్చుంటారు. వాళ్ల ఇంగ్లీషులోని తప్పులు నేను పట్టలేకపోవచ్చు. కానీ ఏ జవాబు ఆలోచన నుండి వస్తున్నదో, ఏది బట్టీ నుండి వస్తున్నదో పట్టుకోవడానికి ఆ భాషలో పండితుడు కానక్కరలేదు.

కంఠస్థం చేయవలసింది ఏది?

మన పిల్లలకు కంఠస్థం చేయడమంటే భయం లేదు. అది మన ఇళ్ల గొప్ప బలం. కానీ ఇంటర్వ్యూ దగ్గర ఆ బలమే అడ్డు వస్తోంది. శిక్షణ కేంద్రం ఇచ్చిన కాగితంలోని జవాబులను అక్షరం పొల్లుపోకుండా వల్లె వేసి వెళ్తారు. దివ్యఖుర్ఆన్‌ను కంఠస్థం చేసేటప్పుడు ఒక్క అక్షరం కూడా మార్చే అధికారం మనకు లేదు. అది దైవవాక్కు గనుక అక్షరరక్షణే అక్కడ ధర్మం. ఇంటర్వ్యూ జవాబు మన సొంత మాట. దాన్ని అడిగినదాన్ని బట్టి మార్చుకోవాలి, కుదించాలి, పొడిగించాలి, అవసరమైతే మధ్యలో ఆపాలి. బట్టీపట్టిన వాక్యానికి ఈ గుణం ఉండదు. మధ్యలో ఒక పదం జారితే వెనుకనున్నదంతా కూలిపోతుంది.

ఒక విద్యార్థిని సంగతి చెబుతాను. తండ్రిది లాడ్‌బజార్‌లో చిన్న గాజుల దుకాణం. అమ్మాయి డిగ్రీలో మైక్రోబయాలజీ చదివింది. ఎమ్మెస్సీ కోసం ఒకచోట ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, ‘ఈ శాస్త్రాన్నే ఎందుకు ఎంచుకొన్నారు?’ అన్న ప్రశ్నకు, చిన్ననాటి నుండి తనకు ఈ విషయమంటే ఎంతో మక్కువ అని మొదలుపెట్టి ఆరు వాక్యాలు గడగడా అప్పజెప్పింది. అడిగినాయన తలూపి, ‘మీ ప్రాజెక్టులో ఏ మాధ్యమం వాడారు?’ అన్నాడు. ఆమెకు తెలిసిన సంగతే. కానీ కాగితంలో లేని ప్రశ్న. అంతటితో నోరు ఆగిపోయింది. సీటు రాలేదు.

ఇంటికి వచ్చాక ఆమెను ఉర్దూలో అడిగాను: ‘బేటీ, అసలు ఆ ప్రాజెక్టులో ఏం చేశావు?’ ఆమె ఆపకుండా చెప్పింది. తమ గల్లీలో నల్లా నీటికి అప్పుడప్పుడు మురుగు వాసన వచ్చేదట. తమ్ముడికి పదేపదే విరేచనాలు అయ్యేవట. నాలుగు ఇళ్ల నీటిని సీసాలలో పట్టి కాలేజీకి తీసుకెళ్లి మెకాంకీ అగార్ మీద పెంచి చూసిందట. రెండు సీసాల నీటిలో గులాబీరంగు మచ్చలు తేలాయట. మురుగు కలిసిన నీటిలో ఉండే కోలిఫాం జాతి సూక్ష్మజీవులు ఆ మాధ్యమంలోని లాక్టోజును పులియబెట్టడం వల్ల ఆ రంగు వస్తుందని నాకు కూడా అర్థమయ్యేలా వివరించింది. ‘ఎందుకు ఎంచుకొన్నారు’ అన్న ప్రశ్నకు ఇంతకన్న మంచి జవాబు ఏముంటుంది? అది ఆమె దగ్గరే ఉంది. కాగితం దాన్ని బయటికి రానివ్వలేదు. మరుసటి సంవత్సరం మరోచోట ఆ నీటి సీసాల సంగతినే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలలో చెప్పింది. ఒకటి రెండుచోట్ల క్రియ తప్పిందని తానే చెప్పుకొంది. కానీ ఈసారి ప్రశ్న మీద ప్రశ్న వచ్చినా జవాబు ఆగలేదు. సీటు వచ్చింది.

పరీక్షకులు చూసేదేమిటి?

ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్షనే తీసుకొందాం. అది 11 నుండి 14 నిమిషాలు, మూడు భాగాలుగా జరుగుతుంది. మొదట పరిచయం, ఇల్లు, చదువు వంటి సాధారణ ప్రశ్నలు. తరువాత ఒక చీటీ మీద అంశం ఇచ్చి, 1 నిమిషం ఆలోచించుకోనిచ్చి, 1 నుండి 2 నిమిషాలు మాట్లాడమంటారు. చివరి భాగంలో అదే అంశాన్ని విస్తరించి చర్చిస్తారు. ధారాళత–పొందిక, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు అంశాలకు సమానంగా విలువ కడతారు. అంటే వ్యాకరణం నాలుగింట ఒక వంతు మాత్రమే. ఇక్కడ విలాయతీ యాసకు ప్రత్యేకంగా మార్కులు లేవు. మాట సులభంగా అర్థం కావడమే కొలబద్ద. బట్టీపట్టిన జవాబును గుర్తించే తర్ఫీదు మాత్రం పరీక్షకులకు ఉంటుంది.

విశ్వవిద్యాలయ ఇంటర్వ్యూలో భాష కన్న విషయానికే పెద్దపీట. ప్రశ్నలు ఎన్ని రూపాలలో వచ్చినా వాటి మూలం అయిదారే: ఈ విషయం ఎందుకు? ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు? ఇప్పటిదాకా ఏం చేశారు? ఏ కష్టం ఎదురైంది, ఎలా దాటారు? చదువయ్యాక ఏం చేస్తారు? మమ్మల్ని ఏమైనా అడుగుతారా? కొన్ని విదేశీ సంస్థలలో ఎదుట మనిషి కూడా ఉండరు. ప్రశ్న తెరమీద కనబడుతుంది, కొద్ది సెకన్ల వ్యవధి ఇస్తారు, తర్వాత కెమెరా వైపు చూస్తూ ఒకటి రెండు నిమిషాలలో చెప్పాలి.

నజాషీ దర్బారులో ఒక జవాబు

పరాయి దేశంలో, అధికారం గలవారి ఎదుట, తనను వ్యతిరేకించేవారు పక్కనే ఉండగా జవాబు చెప్పడం ఎలాగో మన చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. మక్కాలో హింస భరించలేక విశ్వాసులు కొందరు హబషా దేశానికి వలస వెళ్లారు. వారిని తిరిగి అప్పగించమని ఖురైషులు రాయబారులను పంపారు. రాజు నజాషీ ఈ వలసవచ్చిన వారిని పిలిపించి, మీ సంగతేమిటని ప్రశ్నించాడు. వారి తరఫున హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) మాట్లాడారు.

ఆయన జవాబు అమరికను గమనించండి. ముందుగా తాము ఎలాంటి స్థితిలో ఉండేవారో దాపరికం లేకుండా చెప్పారు. ఆ తరువాత ఏ మార్పు వచ్చిందో, ఎవరి ద్వారా వచ్చిందో చెప్పారు. దైవప్రవక్త (సఅసం) తమకు ఏమేమి నేర్పారో ఒక్కొక్కటిగా పేర్కొన్నారు. చివరకు ఇన్ని దేశాలుండగా మీ దేశాన్నే ఎందుకు ఎంచుకొన్నామో చెప్పి ముగించారు. పొగడ్తలతో పొద్దుపుచ్చలేదు, ఎదుటివారిని దూషించలేదు. రాజు మరికొంత వినిపించమన్నప్పుడు మర్యం సూరా ప్రారంభ భాగం పఠించారు. మరునాడు హజ్రత్ ఈసా (అలై) గురించి చిక్కు ప్రశ్న ఎదురైనప్పుడు, ఏమైనా కానీ, ఉన్నది ఉన్నట్టే చెప్పాలని నిశ్చయించుకొని చెప్పారు.

ఎక్కడున్నాను, ఏది నన్ను మార్చింది, ఏం నేర్చుకొన్నాను, మీ దగ్గరికే ఎందుకు వచ్చాను. ఈ నాలుగు మెట్లు ఏ విద్యార్థికైనా సరిపోతాయి. గాజుల దుకాణదారు కూతురి కథ కూడా ఈ మెట్ల మీదనే నడిచింది: వాసన వచ్చిన నల్లా నీరు, జబ్బుపడిన తమ్ముడు, ప్రయోగశాలలో చూసినది, ఇంకా లోతుగా నేర్చుకోవడానికి తగిన విభాగం. ఒక్కొక్క మెట్టుకు రెండేసి మాటలు కాగితం మీద రాసుకొంటే చాలు. వాక్యాలు రాయవద్దు. రాసిన వాక్యం బట్టీకి దారితీస్తుంది.

తజ్వీద్ ఇచ్చిన నాలుక

ఉచ్చారణ విషయంలో మన పిల్లలు తమకు ఉన్న సంపదను గుర్తించడం లేదు. ఇంగ్లీషులో ‘థింక్’ అనే మాట మొదటి ధ్వనిని, ‘దిస్’ అనే మాట మొదటి ధ్వనిని మన దేశంలో చాలామంది ‘త’, ‘ద’లుగా పలుకుతారు. అరబీలో ‘సవాబ్’ అనే మాటలోని మొదటి అక్షరాన్ని, ‘జిక్ర్’ అనే మాటలోని మొదటి అక్షరాన్ని సరైన మఖ్‌రజ్ నుండి పలకడం నేర్చినవారికి ఆ రెండు ధ్వనులు ముందే వచ్చు. నాలుక కొనను పై ముందుపళ్ల అంచుకు ఆనించి ఊపిరి వదలమని ఖారీ సాహెబ్ నేర్పిన స్థానమే ఇంగ్లీషుకూ పనికివస్తుంది. పెదవులు గుండ్రంగా చేసి పలికే అరబీ ‘వావ్’ వస్తే ‘వాటర్’ మొదటి ధ్వని వచ్చినట్టే. ‘వెరీ’లో మాత్రం పై పళ్లు కింది పెదవిని తాకాలి. ఈ తేడా ఒక్కటి అదనంగా నేర్చుకోవాలి.

సరిదిద్దుకోవలసినవీ ఉన్నాయి. ఉర్దూ ఇంటి పిల్లలు ‘ఇస్కూల్’, ‘ఇస్టూడెంట్’ అంటారు. అరబీలో అచ్చులేని హల్లుతో మాట మొదలు కాదు, అందుకే హమ్‌జతుల్ వస్ల్ వచ్చి చేరుతుంది. ఉర్దూ నాలుకకూ అలాంటి అలవాటే ఉంది. ముందుగా ‘స్స్స్’ అని సాగదీసి, దానికి ‘కూల్’ చేర్చడం వారం రోజులు సాధన చేస్తే ఆ ‘ఇ’ పోతుంది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు పదం చివర ‘ఉ’ చేరుస్తారు: ‘బుక్కు’, ‘టెస్టు’. వాళ్లు చివరి హల్లును సుకూన్‌తో ఆపడం అలవరచుకోవాలి. ఆగవలసినచోట ఆగడం కూడా తజ్వీద్ పాఠమే. వఖ్ఫ్ తప్పితే అర్థం మారుతుందని మనకు తెలుసు. ఇంగ్లీషులోనూ భావం పూర్తయినచోట ఆగి ఊపిరి తీసుకొంటే వేగం అదుపులో ఉంటుంది.

కొన్ని మాటలు మన దేశంలో చెల్లుతాయి, బయట వింతగా వినబడతాయి. ‘మైసెల్ఫ్ ఫలానా’ అనే బదులు ‘మై నేమ్ ఈజ్’ అనాలి. ‘పాస్డ్ అవుట్’ అనే బదులు ‘గ్రాడ్యుయేటెడ్’ అనాలి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే బయటివారికి వారి మాట మీదే అపనమ్మకం ఉన్నట్టు తోచవచ్చు. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అంటే సరిపోతుంది.

‘తెలియదు’ అనగల ధైర్యం

ప్రశ్న అర్థం కాకపోతే ‘కుడ్ యూ ప్లీజ్ రిపీట్ దట్?’ అని అడగడం లోపం కాదు. తెలియని సంగతి అడిగితే తెలియదని ఒప్పుకొని, తెలిసినంతవరకు చెప్పడం పండితుల మర్యాద. ఇమామ్ మాలిక్ (రహ్మ) అంతటివారు తమను అడిగిన ఎన్నో ప్రశ్నలకు ‘లా అద్రీ’, అంటే నాకు తెలియదు అనేవారని మదర్సా విద్యార్థులందరికీ తెలుసు. లేని జ్ఞానాన్ని ఉన్నట్టు చూపితే తరువాతి ప్రశ్నకే అది బయటపడుతుంది.

ఇదే సందర్భంలో ఒక హెచ్చరిక. లేని అనుభవానికి సర్టిఫికెట్లు పుట్టించే దళారులు ఊళ్లో ఉన్నారు. అది పాపమని వేరే చెప్పనక్కరలేదు. లోకరీతిన కూడా అది ఉరితాడు. అమెరికా వలస చట్టం ప్రకారం, వీసా కోసం ముఖ్యమైన విషయంలో అబద్ధమాడినట్టు తేలితే ఆ దేశ ప్రవేశానికి శాశ్వత అనర్హత రావచ్చు. ఇల్లు తాకట్టుపెట్టి కొన్న అబద్ధం పిల్లవాడి జీవితకాలమంతా వెంటాడుతుంది.

ఆరు వారాలు, ఇంటిల్లిపాది

ఈ సాధనకు పెద్ద ఫీజులు అక్కరలేదు. మొదటి వారం పది ప్రశ్నలు ఎంచుకొని ఒక్కొక్కదానికి నాలుగు మెట్లు సిద్ధం చేసుకోవాలి. రెండు, మూడు వారాలు రోజుకు రెండు ప్రశ్నలకు ఫోనులో సొంత గొంతు రికార్డు చేసుకొని, మరునాడు విని, ఒకే ఒక్క లోపాన్ని గుర్తించి సరిదిద్దుకోవాలి. అన్నీ ఒకేసారి దిద్దబోతే మాట బిగుసుకుపోతుంది. నాలుగో వారం చీటీలపై ప్రశ్నలు రాసి తమ్ముడితో తీయించాలి. జవాబు మధ్యలో అడ్డుతగిలి ‘వై?’ అని అడగమనాలి. అయిదో వారం అంతగా పరిచయం లేని ఒకరి ఎదుట మాట్లాడాలి. కాలేజీ అధ్యాపకుడు కావచ్చు, గల్ఫ్ నుండి సెలవుపై వచ్చిన బంధువు కావచ్చు. ఆరో వారం అసలు ఇంటర్వ్యూ వేళకే, ఆ దుస్తులతోనే, పూర్తిగా ఒకసారి నడిపించి చూడాలి. చదవడానికి ఇంట్లో చోటు లేనివారికి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఆసఫియా పేరుతో 1891లో ప్రారంభమైన ఆ గ్రంథాలయంలో కూర్చొని రోజూ ఒక ఇంగ్లీషు వార్తను చదివి, దారిలో దానిని సొంత మాటలలో చెప్పుకొంటూ ఇంటికి రావచ్చు.

ఇంగ్లీషు రాని అమ్మీకి కూడా ఇందులో పని ఉంది. పిల్ల చూపు నేలమీద ఉందా, మాట తరుముకొస్తోందా, చేతులు వణుకుతున్నాయా అన్నది ఆమెకన్న బాగా ఎవరు గమనిస్తారు? వీడియో ఇంటర్వ్యూ వేళలను కుటుంబం ముందే లెక్కించుకోవాలి. శీతాకాలంలో లండన్‌లో మధ్యాహ్నం 12 గంటలైతే మనకు సాయంత్రం 5.30. సరిగ్గా మగ్రిబ్‌కు ముందు. న్యూయార్క్‌లో ఉదయం 10 అయితే శీతాకాలంలో మనకు రాత్రి 8.30. ఇబ్బంది ఉంటే వేరే వేళ కోరుతూ ముందుగానే మర్యాదగా రాయవచ్చు. ఆ రాత్రి వీధిలో మర్ఫా మోగే పెళ్లి ఉందేమో కనుక్కొని, అవసరమైతే బంధువుల ఇంట్లో నిశ్శబ్దమైన గది అడిగి ఉంచుకోవాలి.

ఆడపిల్లల విషయంలో తండ్రులకు ఒక మాట. ఇంట్లో పరాయివారి ఎదుట నోరు విప్పనివ్వకుండా పెంచి, ఒక్కరోజున అయిదుగురు ప్రొఫెసర్ల ఎదుట నిబ్బరంగా మాట్లాడమంటే ఎలా మాట్లాడుతుంది? భోజనాల దగ్గర ఆమె చదివిన సంగతి అడగండి. చెబుతుంటే మధ్యలో ఆపకండి. హిజాబ్ ఆమె మాటకు అడ్డు కాదు. నికాబ్ ధరించేవారు గుర్తింపు తనిఖీకి మహిళా సిబ్బందిని ఏర్పాటు చేయమని పరీక్షా కేంద్రానికి ముందే రాసి అడగడం మంచిది.

ఈ నగరానికి కొత్త కాదు

ఇంగ్లీషు నేర్చుకొంటే మన భాష, మన సంస్కారం పోతాయేమో అన్న శంక పెద్దలలో కొందరికి ఇంకా ఉంది. 1919లో ఉర్దూ మాధ్యమంగా తరగతులు ప్రారంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, పాఠ్యగ్రంథాల కోసం అనువాద సంస్థనే నెలకొల్పుకొన్న ఆ విశ్వవిద్యాలయం, ఇంగ్లీషును ఒక భాషగా ప్రతి విద్యార్థికీ తప్పనిసరి చేసింది. సొంత భాషలో ఆలోచించాలి, లోకంతో మాట్లాడటానికి మరో భాష ఉండాలి అన్నది ఆనాటి పెద్దల దృష్టి.

ఆ దృష్టికి ఫలం డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్. 1908లో హైదరాబాదులో జన్మించి, ఇక్కడే జామియా నిజామియాలోను, ఉస్మానియాలోను చదివి, 1930 దశకంలో జర్మనీలోని బాన్, పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయాల నుండి డాక్టరేట్లు పొందారు. 1959లో ఆయన ఫ్రెంచ్ ఖుర్ఆన్ అనువాదం వెలువడింది. ఉర్దూ, అరబీ, ఇంగ్లీషు, ఫ్రెంచ్, జర్మన్ భాషలలో రచనలు చేశారు. 1980లో బహావల్‌పూర్‌లో ఆయన ఇచ్చిన పన్నెండు ఉపన్యాసాలు వ్రాసుకొచ్చి చదివినవి కావు. అప్పటికప్పుడు మాట్లాడి, శ్రోతల ప్రశ్నలకు జవాబు చెప్పినవి. తరువాత వాటిని అక్షరబద్ధం చేశారు. విషయం తనదైనప్పుడు కాగితం అవసరం ఎంత తక్కువో దానికి ఇదే సాక్ష్యం.

ఫిరౌన్ ఎదుటికి వెళ్లమన్న ఆజ్ఞ అందినప్పుడు హజ్రత్ మూసా (అలై) తన నాలుక ముడి విప్పమని, ప్రజలకు తన మాట అర్థమయ్యేట్టు చేయమని ప్రభువును వేడుకొన్నారు. ఆ దుఆ తాహా సూరాలో ఉంది. మన ఇళ్లలో పిల్లలందరికీ వచ్చు. ఆయన అర్థించినది అలంకారాన్ని కాదు, వినేవారికి అర్థం కావడాన్ని. తనకు తోడుగా సోదరుడు హారూన్ (అలై)ను కూడా కోరుకొన్నారు. దుఆ చేయించి పిల్లను ఇంటర్వ్యూకు పంపే ప్రతి కుటుంబం ఆ రెండో కోరికను కూడా గుర్తుంచుకోవాలి. ఆరు వారాల పాటు రోజుకు అరగంట, ఎదుట కూర్చొని వినే ఒక తోడు ఆ పిల్లకు కావాలి.